లక్కే వచ్చేదాకా

మా ఆయనకు ముక్కు మీద కోపం, గుండె దగ్గర గడియారం. రెండూ పుట్టుకతో వచ్చినవి కావు. రాజమండ్రిలో ఒక రైసు మిల్లు ఇచ్చినవి. మొగుడి పేరు నోటితో అనకూడదంటారు గానీ, అనకపోతే మీకు తెలిసేదెట్లా? చెన్నకేశవులు. ఆ మిల్లులో గేటు గుమాస్తా. పొద్దున కూత తాడు లాగేది ఆయనే, కూత ఆగాక గేటు మూసేదీ ఆయనే. ఆయన తాడు లాగితే సగం పేట పొయ్యి వెలిగించేది. గేటు పడ్డాక బయట నిలబడి ఎవరెంత బతిమాలినా తలుపు తీసేవారు కాదు. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు, "మీకు జాలి వెయ్యదా?" అని అడిగాను. "కూత కూసింది కదే" అన్నారు, అక్కడికి నేనే ఏదో తప్పు మాట్లాడినట్టు.

ఆ మిల్లు అన్నదమ్ముల గొడవల్లో మూతపడింది. అప్పట్నుంచి మా కాళ్ళు ఒకచోట నిలవలేదు. ధవళేశ్వరం, పోలవరం, కూనవరం. ఎక్కడికి పోయినా పరాయి వాళ్ళ వసారాలే. నా వెంట మా అమ్మ ఇచ్చిన తిరగలి ఒకటి తిరిగేది. మిగతా సామానంటే మూటగట్టి చంకన పెట్టుకోవచ్చు. తిరగలి అట్లా కాదు. ఎత్తిన ప్రతిసారీ ఎవరో ఒకరి నడుం పట్టేస్తుంది, దించిన ప్రతిసారీ ఆ ఇంటామె "గచ్చు పగులుద్దేమో" అంటుంది. సొంత నేల మీద గుంట తవ్వి, దాన్ని కుదురుగా కూర్చోబెట్టి, నా చేతులతో మట్టి మెత్తాలని నాకు ఎంత కోరికగా ఉండేదో చెప్పలేను. దేవుణ్ణి ఇంకేమీ అడగడం మానేశాను.

కూనవరంలో పడవెక్కి శబరి మీద కోంటలో దిగాం. గట్టెక్కితే పరాయి రాజ్యం. ఇవతల తెల్లవాళ్ళ ఇలాకా, అవతల బస్తర్ రాజుగారి ఇలాకా. కోంటలో మన షావుకార్లు బోలెడుమంది ఉన్నారు, కాబట్టి కొత్త దుకాణానికి చోటు లేదు. లోపలికి పోతే ఉప్పుకీ బట్టకీ గిరాకీ ఉంటుందన్నారు. బండి కట్టుకుని కిష్టారం పోయాం. ఊరి చివర ఖాళీగా ఉన్న పాక చూపించారు. అది వానలదాకా. ఆ పైన ఉండాలంటే సొంత గుంజ పాతుకోవాలి. "గుంజ పాతాల్నంటే ఊరు కూసోవాలె" అన్నాడు ఊరి పెద్ద హడ్మా.

"ఎప్పుడు కూర్చుంటుంది?" అని అడిగారు మా ఆయన.

"అందరు వచ్చిన్నాడు."

మా ఆయన మొహం చూడాల్సింది. మిల్లు గేటు పడ్డాక బయట నిలబడ్డ కూలీ మొహంలా అయింది. జీవితంలో మొదటిసారి ఆయనకు తలుపు అవతల ఉండడమంటే ఏమిటో తెలిసిందని నాకు లోపల్లోపల కాస్త నవ్వొచ్చింది కూడా.

పాకలో గుంజకు మిల్లు ఇచ్చిన ఆ టైంపీసు వేలాడదీశారు. దాన్ని చూడ్డానికి ఊరు ఊరంతా వచ్చింది. హడ్మా ముందు చెవి పెట్టి విన్నాడు, తరవాత వాసన చూశాడు.

"ఏంది షావుకారి, ఇది ఎవరికి చెప్తది?"

"అందరికీ" అన్నారు మా ఆయన గర్వంగా.

"అందరు ఈడ లేరు గదా" అన్నాడు హడ్మా. వెక్కిరింపు కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మా ఆయన టైంపీసుకు కీ ఇస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి అన్నం తింటూ, "మొద్దులు" అని గొణుక్కున్నారు. నాకైతే ఆ ప్రశ్న మనసులో దిగబడిపోయింది.

నాకు మొదట్నుంచీ ఎదుటివాళ్ళ ఇళ్ళల్లోకి తొంగిచూసే గుణం. చెడ్డదే గానీ, పరాయి చోట అదే అన్నం పెడుతుంది. హడ్మా చెల్లెలు లక్కే అని ఉండేది. నా వయసుదే. కోంట సంతలో మసలిందేమో తెలుగు బాగా వచ్చు. నా పేరు మహాలక్ష్మి అంటే అంత పొడుగు పేరు పిలిచేసరికి పొద్దుపోతుందని "లచ్చి" చేసేసింది. దానితోపాటు ఇప్పపూలు ఏరడానికి పోయేదాన్ని, చింతపండు కొట్టడానికి కూర్చునేదాన్ని. వాళ్ళల్లో ఎవరూ ఎవర్నీ "ఎందుకు ఆలస్యం?" అనడం నేను వినలేదు. ఏ పనికైనా ముందు ఒకే మాట: "అందరు వచ్చిండ్రా?" రాకపోతే కూర్చునేవాళ్ళు. ఊరికే కూర్చోవడం కాదు, ఆకులు కుట్టేవాళ్ళు, పేలు చూసుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. వచ్చినవాడు వచ్చి వాళ్ళ మధ్యన కూర్చుంటే పని మొదలయ్యేది. వచ్చినవాడిది తప్పని ఎవరికీ తోచేది కాదు. వాడు లేకుండా మొదలు పెట్టడమే తప్పు.

ఒకరోజు లక్కే నన్ను భోజనానికి పిలిచింది. చెయ్యి పైకి చాచి, "పొద్దు ఆడికొచ్చినంక రా" అంది. అడివి మీద ఎండ ఎక్కడుంటే ఏం వేళో నాకు అలవాటవుతోంది అప్పటికి. కానీ మా ఆయన టైంపీసు చూసి, లెక్కగట్టి, "ఇదిగో ఇప్పుడు బయల్దేరు, పెద్దమనిషిలా వేళకు పో" అని తరిమారు. గబగబా పోయాను. లక్కే ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు. నన్ను చూసి చేతిలో చేట కింద పడేసింది.

"ఏమైంది లచ్చీ? ఎవరు పోయిండ్రు?"

"ఎవరూ పోలేదే, నువ్వే కదా రమ్మన్నావ్."

"మరి గంత జోరుగ ఎందుకొచ్చినవ్?" అని గుండె మీద చెయ్యేసుకుని నేల మీద కూలబడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు అప్పటికే ఇళ్ళల్లోంచి బయటికొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఊళ్ళో మనిషి వేగంగా వచ్చేది ఒక్క చావు కబురుకే. మిగతా దేనికైనా నడిచే వస్తారు. మా ఆయన గడియారం పట్టుకుని ఊళ్ళో చరచరా నడిచినప్పుడల్లా ముసలమ్మలు ఎందుకు గొల్లుమనేవారో కూడా అప్పుడే తెలిసింది. పాపం, ఆయన రోజుకొకర్ని చంపుతున్నారు.

ఇంటికొచ్చి చెబితే ఆయన మండిపడ్డారు. "అందుకే వీళ్ళిట్లా ఉన్నారు."

"మనమేం తక్కువా?" అన్నాను. "మనవాళ్ళు ముహూర్తానికి ఘడియలూ విఘడియలూ చూస్తారు. పెళ్ళి భోజనానికి మాత్రం ఆకులు ఎప్పుడు వేస్తారో వడ్డించేవాడికే తెలీదు. కడుపులో పేగులు అరుస్తుంటే మీరే మా పిన్ని కూతురి పెళ్ళిలో ఎవర్నో తిట్టారు."

"అది వేరు" అన్నారు.

ఎండలు ముదిరి ఆకాశం బరువెక్కింది. ఊరు కూర్చోవడం లేదు. సామాను తెచ్చే బండి రామలింగం కోంట నుంచి వచ్చాడు. తెలుగువాడే, కోంటలో పుట్టి పెరిగినవాడు. "ఇదే ఆఖరు బండయ్యా. వాగు వచ్చిందంటే మల్ల దసరా దాంక నా మొఖం చూడరు. గుంజ పాతుకున్నరా సరి, లేకుంటే నాతోని వచ్చేయిండ్రి" అన్నాడు. సొంత గూడు లేకుండా ఆ పాకలో వానాకాలం వెళ్ళదీయడం జరగని పని. మా ఆయన హడ్మా దగ్గరికి పోయి గట్టిగా అడిగారు. హడ్మా ఆలోచించి, తూర్పున చెయ్యి చాచాడు.

"రేపు పొద్దు ఆడికొచ్చినంక కూసుందం. జాగ దగ్గరికి రాండ్రి."

మేం అనుకున్న జాగా ఊరికి కాస్త అవతల, రెండు మద్దిచెట్ల నడుమ. తెల్లారీ తెల్లారకముందే మా ఆయన స్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, టైంపీసు చంకలో పెట్టుకుని వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పొద్దు హడ్మా చూపించిన చోటికి వచ్చింది. ఎవరూ రాలేదు. ఆ చోటు దాటింది, నడినెత్తికొచ్చింది. ఒక కోడిపెట్ట వచ్చి మా చుట్టూ తిరిగి ఏమీ దొరక్క వెళ్ళిపోయింది. ఊళ్ళోకి పోయి చూసొస్తానంటే ఆయన పోనివ్వలేదు. "రాకపోవడమే జవాబు, అర్థం కాలా?" అన్నారు. టైంపీసును కండువాలో చుట్టేశారు. కోపం అనుకున్నాను గానీ కాదు, అవమానం. మిల్లు మూసిన రోజు కూడా దాన్ని అట్లాగే చుట్టేశారు.

నాక్కూడా ఒళ్ళు మండిపోయింది. ముఖ్యంగా లక్కే మీద. ఇన్నాళ్ళు కలిసి కూర్చుని ఒక్క మాటైనా చెప్పలేదే అని. వెళ్ళేటప్పుడు దాని గుమ్మం వైపు చూడను కూడా చూడలేదు. సామాను బండికెత్తాం. తిరగలి ఎత్తుతూ రామలింగం, "దీంట్ల ఏముందమ్మా, బంగారమా?" అన్నాడు. ఏడుపొచ్చింది నాకు.

చీకటిపడే వేళకు వాగు దాటి అవతలి గట్టున ఆగాం. తెల్లవారి నేను అంబలి కాస్తుంటే నెత్తిన గంపలతో సంతకు పోయే ఆడవాళ్ళు వాగు దాటి వచ్చారు. మా పాక పక్కింటి ఆయతి కూడా ఉంది వాళ్ళల్లో. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"మీరు ఈడున్నరేంది? ఆడ ఊరంత మీకోసం కూసున్నది!"

మేం మొహమొహాలు చూసుకున్నాం.

"లక్మా ఆవు ఈనింది, అందరం హడ్మా ఇంటికాడ వాని కోసం కూసున్నం. వాడు వచ్చేటాలకు పొద్దు గూకింది. అందరు కలిసి మీ జాగకాడికి పోయినం. మీరు లేరు. వస్తరులే అని పెర్మ గింజలేసి దొప్ప బోర్లించిండు. పొద్దుగాల ఇంటాయనే లేపాలె. ఇంటాయన ఏడి?"

లక్మా అంటే పక్క గూడెంలో ఉండే హడ్మా తమ్ముడు, పెర్మ అంటే ఊరి పూజారి. గింజల సంగతి లక్కే నాకు ముందే చెప్పింది. కొత్త జాగాలో సాయంత్రం వడ్లగింజలు ఒకదానికొకటి ఆనించి పెట్టి, పైన మోదుగాకు దొప్ప మూస్తారు. ఇంటాయనకు ఒక గింజ, ఇంటామెకు ఒక గింజ, రాబోయేవాళ్ళకు ఒక గింజ. తెల్లవారి తీసి చూస్తే కదలకుండా ఉంటే ఆ నేల వాళ్ళను ఉండమన్నట్టు. కదిలితే పొమ్మన్నట్టు. దొప్ప ఎత్తాల్సింది ఆ ఇంటివాడే. ఇంకెవరి చెయ్యీ పడకూడదు.

"రాత్రంతా కూర్చున్నారా?" అన్నాను.

"కూసోక? కుక్కలు రావా, కోళ్ళు రావా?" అంది ఆయతి, ఇదేం ప్రశ్న అన్నట్టు, గంప సర్దుకుని వెళ్ళిపోయింది.

మా ఆయన వాగు వైపు తిరిగి కూర్చున్నారు. మేం ఒక పూట ఎదురుచూసి, అదేదో ఘనకార్యంలా దారి పొడుగునా చెప్పుకున్నాం. వాళ్ళు రాత్రంతా మా కోసం కుక్కల్నీ కోళ్ళనీ తోలుతూ కూర్చున్నారు. ఆ ఊళ్ళో ఆలస్యం చేసిన వాళ్ళు మేమిద్దరమే. నాకు సిగ్గు, సంతోషం ఒక్కసారే వచ్చాయి.

"మీరు రాకపోతే తిరగలి ఇక్కడే దించి నేను నడిచిపోతాను" అన్నాను.

ఆయన లేచి రామలింగంతో, "బండి తిప్పు" అన్నారు.

రామలింగం నెత్తి కొట్టుకున్నాడు. వచ్చిన రేవులో నీళ్ళు పెరిగి, మా బండి గట్టెక్కిన జాడ కూడా మునిగింది. ఆడవాళ్ళు రాళ్ళ మీంచి దాటొచ్చారు గానీ ఎడ్లు దిగవన్నాడు. తిట్టుకుంటూనే కింది రేవు నుంచి చుట్టు తిప్పి దాటించాడు. కిష్టారం చేరేసరికి పొద్దు వాలుతోంది, మబ్బు మద్దిచెట్ల మీదికి దిగింది.

ఆయతి చెప్పింది నిజమే. ఊరంతా అక్కడుంది. పొయ్యిలు పెట్టుకుని వండుకు తిన్నట్టున్నారు, బూడిద కనిపిస్తోంది. నడుమ దొప్ప. ఒక ముసలాయన కర్రతో కోడిని తోలుతున్నాడు. దొప్ప అంచు కింద చీమల బారు పోతోంటే మాత్రం ఎవరూ చెయ్యి కదపడం లేదు.

"చీమల్ని తోలరేం?" అని హడ్మాను అడిగాను, ఆ కంగారులో కూడా.

"కోడి మాది, తోల్తం. చీమ భూమిది. మనమెట్ల తోల్తం?" అన్నాడు.

ఎక్కడికి పోయారని ఎవరూ అడగలేదు. జరిగి చోటిచ్చారు. మా ఆయన వాళ్ళ మధ్యన కూర్చున్నారు. హడ్మా చుట్టూ చూసి, నేను రోజూ వినే మాటే అన్నాడు. "అందరు వచ్చిండ్రా?"

"లక్కే లేదు" అన్నారెవరో. "వీళ్ళ కోసమే అడివి తొవ్వన పోయింది పొద్దుగాల."

చినుకు పడింది. ఒకటి నా చేతి మీద, ఒకటి దొప్ప మీద టప్పుమని. నా ప్రాణం పోయింది. వాన పట్టిందంటే దొప్ప కిందికి నీళ్ళు పోతాయి, గింజలు కదులుతాయి. కదిలితే ఇంకేముంది, మళ్ళీ ఏడాదిదాకా ఆ నేల మాకు లేదు. నాకు అప్పుడు లక్కే లేదు, ఎవరూ లేరు. నా తిరగలి ఒక్కటే కళ్ళ ముందుంది.

"ఎత్తండి" అన్నాను ఆయన చెవిలో. ఆయన కదల్లేదు. "వాన వస్తోంది, ఎత్తండీ" అని అరిచాను.

"ఎత్తెయ్యవయ్యా, ఒక్క మనిషి కోసం ఏందిది" అన్నాడు బండి దగ్గర్నుంచి రామలింగం.

మా ఆయన తల తిప్పి, మిల్లు గేటు దగ్గర కూలీలను కసిరే గొంతుతో, "లక్కే రాలేదు కదా!" అన్నారు.

అని, బండిలోంచి తాటాకు గొడుగు తెప్పించి దొప్ప మీద పట్టుకుని, తాను వానలో కూర్చున్నారు. హడ్మా వచ్చి ఆయన భుజానికి భుజం ఆనించాడు. ఆ పక్కన లక్మా. చుట్టూ అందరూ గొడుగు మీదికి వంగారు. ఇంత జనం మధ్యలో ఇంత చిన్న దొప్ప. మట్టి చేత్తో గట్టు కట్టాలని వంగాను. హడ్మా వద్దన్నట్టు నా చెయ్యి పట్టుకున్నాడు. నీళ్ళూ భూమివే కాబోలు. కూర్చున్నాను, వణుకుతూ.

అప్పుడు అడివి వైపు నుంచి లక్కే వచ్చింది. పరుగెత్తుతూ వచ్చింది. చీర తడిసి ఒంటికి చుట్టుకుపోయింది, జుట్టు విడిపోయింది. ఆ పరుగు చూసి జనమంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఒక ముసలమ్మ అప్పుడే రాగం అందుకుంది.

"పోయిండ్రు!" అంటోంది లక్కే దూరం నుంచే. "వాగుల పోయిండ్రు! బండి జాడ నీళ్ళలకి దిగింది, మల్ల ఎక్కలే! లచ్చి పోయింది, షావుకారి పోయిండు..."

జనం తప్పుకున్నారు. నేను కనిపించాను. లక్కే ఆగిపోయింది. ఎగపోస్తూ నన్ను కిందికీ మీదికీ చూసింది. తరవాత వచ్చి నా వీపు మీద ఈడ్చి ఒకటి కొట్టి, నన్ను పట్టుకుని బావురుమంది. ఆ దెబ్బ ఎంత బాగుందో. ఆ ఊళ్ళో నాకోసం ఒకరు పరుగెత్తారు. అప్పుడు మేమిద్దరం చాలాసేపు ఏడ్చాం, వాన గురించి ఎవరికి గుర్తుంది.

లక్కే ముక్కు చీదుకుని, వంగి, గొడుగు కింద చూసింది.

"ఇంక లేపలేదేంది?"

"నువ్వు రాలేదుగా" అన్నారు మా ఆయన. ఆయన మీసాల నుంచి నీళ్ళు కారుతున్నాయి. "కూర్చో."

అది కూర్చుంది. హడ్మా మళ్ళీ అడిగాడు, "అందరు వచ్చిండ్రా?" ఈసారి ఎవరూ పలకలేదు. మా ఆయన అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, "వచ్చారు" అని, దొప్ప ఎత్తారు.

ఇంటాయన గింజ, ఇంటామె గింజ, రాబోయేవాళ్ళ గింజ. తడి తగల్లేదు, చీమ ముట్టలేదు, ఒకదానికొకటి ఆనుకుని పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

తిరగలి దించమని రామలింగానికి చెప్పబోతే లక్కే ఆపింది. అప్పటికే ఎక్కడ్నుంచో గడ్డపార తెచ్చుకుంది.

"ఏడ కూసోబెట్టాలె?" అని నన్నడిగింది.